ఆ బ్రాకెట్లు తీసేయకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే విషయం మీద ఉన్నాయి. పాత వీడియోగేములు, వాటి ఫైళ్లు, ఆ ఫైళ్లకు పెట్టిన పేర్లు. నాకు ఇష్టమైన సంగతి కాబట్టి మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేశాను.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది ఒంగోలు, లాయర్‌పేట. మా బావ దుబాయ్ వెళ్తూ తన పాత ఆటల హార్డ్‌డిస్క్ నాకిచ్చి పోయాడు. నాలుగు వేల పైన ఫైళ్లున్నాయి. ఒకే ఆట ఐదారు సార్లు కనిపిస్తుంది. పేరు పక్కన బ్రాకెట్లలో యు, జె, ఇ, ఆశ్చర్యార్థకం, బి1, హెచ్2 అని ఏవేవో రాసున్నాయి. ఏది నొక్కాలో తెలియక పిల్లలు టెన్షన్ పడుతున్నారు. పేర్లు మూకుమ్మడిగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. దాంతో బ్రాకెట్లన్నీ లేపేసి, రెండోసారి వచ్చినవి డిలీట్ చేద్దామనుకుంటున్నా. ఎట్టా చెయ్యాలో కాస్త చెప్పండి.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ సాఫ్ట్‌వేర్ మూసేయండి. హార్డ్‌డిస్క్ మొత్తాన్ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీని బీరువాలో పెట్టి, అప్పుడు ఈ జవాబు చదవండి.

మీరు చేయబోయే పని నేను 2004లో చేశాను. అప్పుడు కావలి ట్రంకురోడ్డులో మాకు డీటీపీ సెంటర్ ఉండేది. మాఘమాసం, పెళ్లికార్డుల పని పీకల దాకా ఉంది. మా తమ్ముడు ఎక్కడి నుంచో ఒక సీడీ తెచ్చాడు. చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడుకున్న ఆటలన్నీ అందులో ఉన్నాయి. ఫైళ్ల పేర్లు చూస్తే నాకు చిరాకేసింది. పెళ్లికార్డు ఫైలు పేరు శుభ్రంగా లేకపోతే పొరపాటున వేరే వాళ్ల కార్డు ప్రింటుకు పోతుందన్న భయంతో బతికేదాన్ని కదా, ఇదీ అంతే అనుకున్నాను. మూడు రాత్రులు కూర్చుని బ్రాకెట్లన్నీ చెరిపేశాను. పేరు కలిసినవాటిలో ఒకటి ఉంచి మిగతావి తీసేశాను. ఫోల్డర్ అద్దంలా ఉంది. చాలా తృప్తిపడ్డాను.

చాలా ఏళ్ల తర్వాత తమ్ముడు అడిగాడు, "అక్కా, ఆకులు ఊగే కాంట్రా ఏదీ?" అని. నాకు అర్థం కాలేదు. మొదటి స్టేజీలో వెనక చెట్ల ఆకులు గాలికి కదులుతాయట, స్టేజీకీ స్టేజీకీ మధ్య మ్యాపు వస్తుందట. నా ఫోల్డర్‌లో ఉన్న కాంట్రాలో చెట్లు కదలవు, మ్యాపు లేదు. వాడేదో కలగన్నాడనుకున్నాను. వాడు చెప్పిందే నిజం. 1988లో ఆ ఆట జపాన్‌లో ఒక రకంగా, అమెరికాలో ఇంకో రకంగా వచ్చింది. జపాన్ క్యాట్రిడ్జ్‌లో (మనం క్యాసెట్టు అనేవాళ్లం) కోనామి సంస్థ వేరే చిప్ వాడింది, ఆ ఆకులూ మ్యాపూ అందులోనే ఉన్నాయి. జపాన్ ఫైలు సైజు కూడా అమెరికా ఫైలుకు రెండింతలు. యూరప్‌లో అదే ఆట ప్రొబొటెక్టర్ అనే పేరుతో వచ్చింది, అందులో మనుషుల బదులు రోబోలు కాలుస్తుంటాయి. సీడీలో కాంట్రా పేరు పక్కన జె అని ఉన్న ఫైలును "రెండోసారి వచ్చింది" అని నేనే నా చేత్తో డిలీట్ చేశాను. అసలు సీడీ ఏమైందా అని చూస్తే, పూత లేచిపోయి కంప్యూటర్‌కు కనిపించడమే మానేసింది.

కాబట్టి ఆ అక్షరాలను ఒక్కొక్కటిగా చదువుదాం. మీ బావ డిస్క్‌లో ఉన్నవి గుడ్‌టూల్స్ పద్ధతి పేర్లు. కౌవరింగ్ అనే మారుపేరుతో ఒకాయన తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది. గుండ్రటి బ్రాకెట్లో యు అంటే అమెరికా, జె అంటే జపాన్, ఇ అంటే యూరప్. చదరపు బ్రాకెట్లో ఆశ్చర్యార్థకం ఉంటే, ఆ ఫైలు అసలు క్యాట్రిడ్జ్‌లో ఉన్నది ఉన్నట్టు వచ్చిందని సరిచూశారన్నమాట. బి అంటే పాడైన కాపీ. హెచ్ అంటే ఎవరో మార్చిన ఆట. ఓ అంటే అవసరానికి మించి చదివిన కాపీ, చివర చెత్త చేరి ఉంటుంది. టి అంటే ట్రెయినర్, ఆట తేలికయ్యేలా, ఉదాహరణకు 30 లైఫులతో మొదలయ్యేలా చేసిన రకం. ఆ చిన్న అక్షరం ఒక్కోటీ పెట్టడానికి ఎవరో ఒకరు క్యాట్రిడ్జ్ ముందేసుకుని పోల్చి చూసి ఉంటారు. దాన్ని చెరిపేస్తే ఆ మనిషి పడ్డ శ్రమంతా పోతుంది.

యు, జె, ఇ తేడా పేరుతో ఆగదు. అప్పటి అమెరికా, జపాన్ టీవీల్లో బొమ్మ సెకనుకు 60 సార్లు మారేది, యూరప్ టీవీల్లో 50 సార్లు. 60కి రాసిన ఆటను ఏ మార్పూ లేకుండా 50లో నడిపితే ఆరో వంతు నెమ్మదిస్తుంది, సంగీతం కూడా సాగుతుంది. మన దూరదర్శన్ కాలం టీవీలు కూడా 50 రకమే. పిల్లలు "ఇది స్లోగా ఉంది" అంటే ఫైలు పాడైందనుకోకండి, ముందు బ్రాకెట్లో ఇ ఉందేమో చూడండి.

ఇప్పుడు ఎక్కువమంది వాడేది నో-ఇంట్రో పద్ధతి. ఆటల ముందు కాపీ ముఠాలు తమ ప్రచారానికి అతికించే ఇంట్రోలు లేని, అసలు ఫైళ్లు మాత్రమే ఉండాలన్నది వాళ్ల పట్టుదల, పేరూ అందుకే. అక్షరాల బదులు దేశం పేరు పూర్తిగా రాస్తారు: కాంట్రా (యూఎస్ఏ), కాంట్రా (జపాన్), ప్రొబొటెక్టర్ (యూరప్). సూపర్ మారియో బ్రదర్స్‌కు (వరల్డ్). కంపెనీ తప్పులు దిద్ది మళ్లీ విడుదల చేసిన ఆటకు (రెవ్ 1). సీడీ, డీవీడీ ఆటలకు రీడంప్ వాళ్ల జాబితా ఉంది, పేర్లు ఇంచుమించు ఇదే తీరులో ఉంటాయి.

ఇందులో చాలామందికి వింతగా కనిపించేది ఇంగ్లీషు "ది". ది లెజెండ్ ఆఫ్ జెల్డా ఆటను "లెజెండ్ ఆఫ్ జెల్డా, ది" అని రాస్తారు. నెల్లూరు గుళ్ల జాబితా రాస్తున్నామనుకోండి. శ్రీ తల్పగిరి రంగనాథస్వామి, శ్రీ మూలస్థానేశ్వరస్వామి, శ్రీ రాజరాజేశ్వరి అమ్మవారు అని రాసుకుంటూ పోతే అన్ని గుళ్లూ "శ్రీ" కిందకే చేరతాయి, వెతకలేం. శ్రీని కామా పెట్టి వెనక్కి పంపిస్తే రంగనాథస్వామి ర దగ్గర దొరుకుతాడు. "ది" కూడా అంతే.

పేర్లు మారిస్తే ఇంకో నష్టం కూడా ఉంది. ఆటలో మీరు ఎంతవరకు వచ్చారో ఎమ్యులేటర్ (పాత ఆటలను కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్) ఒక సేవ్ ఫైలులో దాస్తుంది, ఆ ఫైలుకు ఆట ఫైలు పేరే పెడుతుంది. ఆట పేరు మార్చారంటే సేవ్ ఫైలు పాత పేరుతో ఒంటరిగా మిగిలిపోతుంది, ఆట మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. సీడీ ఆటలకైతే క్యూ అనే చిన్న ఫైలు లోపల బిన్ ఫైలు పేరు అక్షరాల్లో రాసి ఉంటుంది. బిన్ పేరు మారిస్తే క్యూకు అది దొరకదు. ఫైనల్ ఫాంటసీ 7 మూడు డిస్కుల ఆట. మూడింటి పక్కన (డిస్క్ 1), (డిస్క్ 2), (డిస్క్ 3) అన్నది కూడా తీసేస్తే ఇక చెప్పక్కర్లేదు.

మీ పిల్లల ఇబ్బంది మాత్రం నిజమే, దానికి ఫైళ్ల జోలికి పోకుండానే దారి ఉంది. ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్క్‌లో ప్లేలిస్ట్ సెట్టింగుల్లోకి వెళ్తే, బ్రాకెట్లలో ఉన్నది తెర మీద చూపించొద్దని చెప్పే ఆప్షన్ ఉంది. ఆటల మెనూ చూపించే ఎమ్యులేషన్‌స్టేషన్ అయితే తనంతట తనే దాచి చూపిస్తుంది. ఫైలు పేరు అట్టాగే ఉంటుంది, తెర మీద మాత్రం "కాంట్రా" అని కనిపిస్తుంది.

ఐదారు కాపీలు వద్దనుకుంటే దానికి "ఒక ఆటకు ఒక ఫైలు" పద్ధతి ఉంది, 1జీ1ఆర్ అంటారు. నో-ఇంట్రో జాబితాను డాట్ ఫైలు రూపంలో తీసుకుని ఫైళ్లను జాబితాతో సరిచూసే క్లర్‌మేమ్‌ప్రో అనే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వాలి. ముందు అమెరికా, అది లేకపోతే యూరప్, అదీ లేకపోతే జపాన్ అని మీ వరస చెబితే అది ఏరిపెడుతుంది. అది చూసేది మీ ఫైలు పేరును కాదు, లోపలి డేటాను. అందుకే పేరు ఎంత తప్పుగా ఉన్నా ఆటను గుర్తుపట్టి సరైన పేరు పెడుతుంది. ఏరినవి వేరే ఫోల్డర్‌లో పెట్టి పిల్లలకు ఇవ్వండి. మిగతావాటిని మాత్రం డిలీట్ చేయకండి. మీ బావ తిరిగొచ్చి ఏ ఆట అడుగుతాడో ఇప్పుడే తెలియదు కదా.

ప్రశ్న: మేడమ్, మాది నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట. నా దగ్గర కాంట్రా అమెరికా ఫైళ్లు రెండున్నాయి. పేరు ఒకటే, సైజు కూడా ఒకటే, 1,31,088 బైట్లు. పాత ల్యాప్‌టాప్‌లో ఒకటి చక్కగా ఆడుతుంది, రెండోది తెరిస్తే నల్ల తెర. చెక్‌సమ్ (ఫైలు లోపలి డేటా నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్య) చూస్తే రెండింటికీ వేర్వేరుగా వస్తోంది. రెండో దానికి పాడైందని బి గుర్తు పెట్టమంటారా? రెండు ఫైళ్ల మొదటి వరసను, బైట్లను ఒక్కొక్కటిగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో తెరిచి ఫొటో తీసి పంపుతున్నాను.

జవాబు: ఫొటో పంపి మంచి పని చేశారు, అందులోనే జవాబుంది. బి గుర్తు పెట్టకండి, ఆట పాడవలేదు.

మీ సైజు చూడండి. 1,31,072 బైట్లు ఆట, అంటే సరిగ్గా 128 కేబీ. పైన మిగిలిన 16 బైట్లు క్యాట్రిడ్జ్‌లో లేనివి, ఎమ్యులేటర్ కోసం ముందు అతికించిన హెడర్. అందులో మొదట ఎన్, ఇ, ఎస్ అనే మూడక్షరాలుంటాయి. ఆ తర్వాత ఆట ఎంత పెద్దది, క్యాట్రిడ్జ్ లోపలి బోర్డు ఏ రకం అన్నవి అంకెల్లో ఉంటాయి. ఆ బోర్డు రకాన్నే మ్యాపర్ నంబర్ అంటారు. అమెరికా కాంట్రా మ్యాపర్ 2.

మీ రెండో ఫొటోలో ఎనిమిదో బైటు నుంచి పదహారో బైటు దాకా కుడివైపు అక్షరాలు కూడబలుక్కుని చదవండి. "డిస్క్‌డ్యూడ్!" అని ఉంది. ఇంగ్లీషులో ఆశ్చర్యార్థకంతో కలిపి సరిగ్గా తొమ్మిది అక్షరాలు. వెనకటి రోజుల్లో ఒక సాఫ్ట్‌వేర్ ఫైళ్లలో ఆ ఖాళీ చోట తన సంతకం పెట్టి పోయేది. అప్పట్లో ఆ చోటు ఎవరికీ పనికిరాదనుకున్నారు. తర్వాత మ్యాపర్ నంబర్ పై భాగాన్ని సరిగ్గా ఆ ఎనిమిదో బైటులో రాయడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు డి అక్షరాన్ని అంకెగా చదివితే మ్యాపర్‌కు 64 కలుస్తుంది. మీ కాంట్రా 2 కాస్తా 66 అయింది. పాత ఎమ్యులేటర్ ఈ ఆటది కాని బోర్డును వెతుక్కుంటూ నల్ల తెర వేసి కూర్చుంది. కొత్త ఎమ్యులేటర్లు ఈ సంతకాన్ని గుర్తుపట్టి పక్కన పెట్టేస్తాయి.

ఫైలుకు ఒక కాపీ తీసి, ఆ కాపీలో ఆ తొమ్మిది బైట్లనూ సున్నాలు చేయండి, ఆడుతుంది. కాంట్రా మ్యాపర్ 2 కాబట్టి ఇది చెల్లుతుంది. మ్యాపర్ 16, ఆపైన ఉన్న ఆటలకు ఎనిమిదో బైటులో అసలు విలువ ఏదో ఉండాలి, వాటిని సున్నా చేయకూడదు.

చెక్‌సమ్ సంగతి. మీరు చూసింది మొత్తం ఫైలుది, అందులో హెడర్ కూడా కలిసింది. హెడర్ వదిలేసి లోపలి 1,31,072 బైట్లకే లెక్క కట్టించండి. రెండూ ఒకటైతే అవి ఒకే ఆట, పేరూ ఒకటే పెట్టాలి. జాబితాలు సరిచూసే సాఫ్ట్‌వేర్లు నింటెండో ఫైళ్ల విషయంలో హెడర్ వదిలేసి చూడగలవు.

ప్రశ్న: అక్కా, నేను కందుకూరులో డిగ్రీ చదువుతున్నాను. ఆటల ఫైళ్ల పేర్లన్నీ తెలుగులో పెట్టుకుంటే తప్పేముంది? నా ఫోన్‌లో తెలుగు బాగానే కనిపిస్తోంది. కానీ ఆటల కోసం కొన్న చిన్న చేతి మెషీన్‌లోకి కాపీ చేస్తే డబ్బాలు డబ్బాలుగా వస్తోంది.

జవాబు: తప్పేమీ లేదమ్మా. తెలుగు మీద నీకున్న ఇష్టానికి నాకు సంతోషంగా ఉంది. ఇబ్బంది ఎక్కడొస్తుందో చెబుతాను, తర్వాత నువ్వే నిర్ణయించుకో.

డబ్బాలు రావడానికి కారణం ఆ మెషీన్‌లో తెలుగు ఫాంట్ లేకపోవడం. పేరు లోపల సరిగానే ఉంది, చూపించడం దానికి చేతకావడం లేదు. రెండో సంగతి, పొడవు. లినక్స్ మీద నడిచే మెషీన్లలో ఫైలు పేరు సాధారణంగా 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, మన అక్షరానికి మూడు. అదీ మనం రాసే అక్షరం లెక్క కాదు, కంప్యూటర్ లిపిని దాచుకునే యూనికోడ్ పద్ధతి లెక్క. "స్త్రీ" మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు, అంటే 18 బైట్లు. "నెల్లూరు" అని రాస్తే 24 బైట్లు. పొడవాటి ఆట పేరు, బ్రాకెట్లు, భాషల పేర్లు అన్నీ తెలుగులో రాస్తే చోటు చాలకపోవచ్చు.

మూడోది నేను స్వయంగా చూసింది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండుగా విడగొట్టి రాయొచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. పాత ఆపిల్ కంప్యూటర్లు ఫైలు పేర్లను విడగొట్టి దాచేవి. మా సెంటర్‌లో ఒక పేరు అక్కడి నుంచి పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. నేను అదే పేరు టైపు చేసి వెతికితే దొరకలేదు. కళ్ల ముందు ఉన్న ఫైలు లేదంటుంటే ఆ రోజు ఎంత సేపు తల పట్టుకున్నానో.

అందుకే నేను ఫైలు పేరును ఇంగ్లీషు అక్షరాల్లో, జాబితాలో ఉన్నట్టే ఉంచుతాను. ఎమ్యులేషన్‌స్టేషన్‌లో ప్రతి ఆటకూ ఫైలు పేరు వేరు, తెర మీద చూపించే పేరు వేరు. ఆ రెండోది గేమ్‌లిస్ట్ అనే ఫైలులో రాస్తారు, అక్కడ తెలుగులో ఎంత పొడవైనా రాసుకో. నీ చేతి మెషీన్ ఫాంట్ మార్చనిస్తే తెలుగు ఫాంట్ ఎక్కించు. ఇంగ్లీషు అక్షరాల్లో కూడా కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, జంట కొటేషన్ గుర్తు, రెండు రకాల ఏటవాలు గీతలు, నిలువు గీత, కోణపు గుర్తులు వద్దు. విండోస్ ఒప్పుకోదు. ఆట పేరులో కోలన్ ఉన్నచోట జాబితాల్లో చిన్న గీత కనిపించేది అందుకే.

మీ ఊరి సంగతి ఒకటి గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకు మారింది. ప్రకాశం జిల్లాకే 1970లో పుట్టినప్పుడు ఒంగోలు జిల్లా అని పేరు, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మీ తాతగారి కాగితంలో ఒంగోలు జిల్లా అని, మీ నాన్నగారి కాగితంలో ప్రకాశం అని ఉంటే రెండూ సరైనవే, దిద్దకూడదు. ఆటల పేర్లూ అంతే. సూపర్ నింటెండోలో అమెరికా వాళ్లకు 1991లో ఫైనల్ ఫాంటసీ 2 అని అమ్మిన ఆట జపాన్‌లో ఫైనల్ ఫాంటసీ 4. అమెరికా ఫైలుకు అమెరికా డబ్బా మీద ఉన్న 2 అనే రాయాలి. "అసలు ఇది 4 కదా" అని దిద్దినవాళ్ల ఫోల్డర్లు నేను చూశాను. తర్వాత వాళ్లకే ఏది ఏదో తెలియలేదు.

ప్రశ్న: చీమకుర్తి నుంచి రాస్తున్నాను. నాణెం వేసి ఆడే మెషీన్ల ఆటలను కంప్యూటర్‌లో నడిపే మేమ్‌లో ఒక ఆటకు ఎంస్లగ్ అని పొట్టి పేరు ఉంటే బాగాలేదని మెటల్ స్లగ్ అని మార్చాను. ఇక తెరుచుకోవడం లేదు.

జవాబు: పాత పేరు మళ్లీ పెట్టేయండి. మేమ్ 1997లో మొదలైంది, డాస్ రోజుల్లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. అప్పటి పొట్టి పేర్లే ఇప్పటికీ ఆటల గుర్తింపు. జిప్ పేరు చూసే మేమ్ ఆటను వెతుకుతుంది. జిప్ లోపలి ఫైళ్లకు బోర్డు మీద ఆ చిప్ ఉన్న స్థానాన్ని బట్టి పేర్లుంటాయి. ప్యాక్‌మ్యాన్‌లో 6ఇ, 6ఎఫ్, 6హెచ్, 6జె అని కనిపించేవి అవే, వాటినీ కదిలించకండి. మెటల్ స్లగ్‌కు పక్కనే నియోజియో అనే జిప్ కూడా ఉండాలి. పూర్తి పేరు మేమ్ తన మెనూలో తనే చూపిస్తుంది.

ప్రశ్న: అమ్మా, మాది నెల్లూరు మూలాపేట. 1990ల చివర్లో మా నాన్నగారు ఇంటి ముందు గదిలో వీడియోగేమ్ షాపు నడిపారు. ఆయన పోయాక అట్టపెట్టెలో 43 క్యాసెట్లు దొరికాయి. కొన్నిటి మీద 9999 ఇన్ 1 అని ఉంది. కొన్నిటి బొమ్మ ఒకటి, లోపల ఆట ఒకటి. కంపెనీ పేరు దేని మీదా లేదు. నాన్న ప్లాస్టర్ అంటించి దాని మీద పెన్నుతో ఏదో ఒక పేరు రాశారు. వీటిని కంప్యూటర్‌లో భద్రం చేయాలనుంది. మీరు చెప్పే జాబితాల్లో ఇవి దొరకవు కదా, పేర్లు ఎలా పెట్టాలి? ఇది చట్టప్రకారం తప్పా?

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా నాన్న కూడా మద్రాసు బర్మా బజారులో కొన్న క్యాసెట్టు ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. పసుపు రంగు డబ్బా, కాంట్రా బొమ్మ. మెనూలో నాలుగు లైన్లు, నాలుగూ కాంట్రాయే. రెండోది నొక్కితే 30 లైఫులు. పైకి పైకి కిందికి కిందికి అని బటన్లు నొక్కి 30 లైఫులు తెచ్చుకునే కోడ్ తెలియని పిల్లలం ఆ రెండో లైను కోసం కొట్టుకునేవాళ్లం.

ముందు చట్టం. మన కాపీరైట్ చట్టం 1957లోది. అందులో 52వ సెక్షన్, కంప్యూటర్ ప్రోగ్రామును చట్టబద్ధంగా దగ్గర ఉంచుకున్నవారు అది పాడైపోకుండా, పోకుండా తాత్కాలిక రక్షణగా మాత్రమే బ్యాకప్ కాపీ తీసుకోవచ్చంటుంది. మీ క్యాసెట్లలో చాలావరకు నకిలీలు, కాబట్టి ఆ వెసులుబాటు వాటికి సూటిగా వర్తిస్తుందని నేను హామీ ఇవ్వను. మీ ఇంటి భద్రం కోసం తీసుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టి పంచడం వేరు. ఆ రెండో పని చేయకండి.

ఇక పని. క్యాసెట్టులో నోటితో ఊదకండి. మనమందరం ఊదినవాళ్లమే, కానీ ఆ తడికి రాగి పళ్లు తుప్పు పడతాయి, అసలే మనది సముద్రపు గాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో 60 పిన్నులనూ తుడిచి ఆరనివ్వండి. 60 పిన్నుల క్యాసెట్టును చదివి కంప్యూటర్‌లో ఫైలుగా ఎక్కించే డంపర్ అనే పరికరంతో ఒకసారి చదవండి. క్యాసెట్టు తీసి, మళ్లీ పెట్టి, రెండోసారి చదవండి. రెండు ఫైళ్ల చెక్‌సమ్ ఒకటైతేనే పేరు పెట్టే పని మొదలుపెట్టాలి. తేడా వస్తే పిన్నులు మళ్లీ తుడవాలి. 7-జిప్ వేసుకుని ఉంటే ఫైలు మీద కుడి క్లిక్ చేసి సీఆర్‌సీ, షా అనే చెక్‌సమ్‌లు చూసుకోవచ్చు. రెండూ ఒకటైనా ఆట నడవకపోతే కంగారు పడకండి. నకిలీ బోర్డుల మ్యాపర్ డంపర్‌కు తెలియక సగమే చదివి ఉండొచ్చు.

పేరు దగ్గర మీకు టోసెక్ పద్ధతి సరిపోతుంది. 2000 నుంచి పాత కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్‌ను జాబితా చేస్తున్న బృందం వాళ్లది. వాళ్ల పేరులో ముందు ఆట పేరు, తర్వాత బ్రాకెట్లో సంవత్సరం, తర్వాత బ్రాకెట్లో ప్రచురణకర్త వస్తారు. నాకు వాళ్లలో బాగా నచ్చేది, తెలియనిది తెలియదని పేరులోనే రాస్తారు. సంవత్సరం తెలియకపోతే 19 పక్కన రెండు ఎక్స్‌లు, దశాబ్దం తెలిస్తే 199 పక్కన ఒక ఎక్స్. ప్రచురణకర్త తెలియకపోతే ఒక అడ్డగీత. మీ క్యాసెట్లకు "9999 ఇన్ 1 (199ఎక్స్)(-)" అని మొదలుపెట్టండి. ఇలాంటివి పది ఉంటే బోర్డు మీద అచ్చయిన నంబర్ చివర చేర్చండి, ఒకదానికొకటి కలవకుండా ఉంటాయి. బోర్డు మీద చిప్పుల బదులు నల్లటి తారు చుక్కలు మాత్రమే ఉంటే ఆ మాట కూడా రాసుకోండి.

బొమ్మ ఒకటి, ఆట ఒకటి అన్నారు. ఫైలు పేరులో ఆట తెర మీద కనిపించే పేరే రాయండి, డబ్బా మీది పేరు కాదు. తెర మీద కూడా పేరు లేకపోతే డబ్బా మీదిది రాసి, పక్కన చదరపు బ్రాకెట్లో లేబుల్ అని పెట్టండి. "ఇది ఫలానా ఆటే అయ్యుంటుంది" అన్న ఊహ పేరులోకి రానీయకండి. ఊహలకు వేరే చోటు ఉంది. ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. వరస నంబర్ 01 నుంచి 43 దాకా, ముందు సున్నాతో సహా, లేకపోతే కొన్ని చోట్ల 10 వచ్చి 2 ముందు కూర్చుంటుంది. పక్కన ఫైలు పేరు, చెక్‌సమ్, బోర్డు నంబర్, ముందు వెనక ఫొటోల పేర్లు, మీ ఊహ. అదే నంబర్ చిన్న కాగితం మీద రాసి క్యాసెట్టుకు దారంతో కట్టండి. గమ్ము వద్దు.

ఆ ప్లాస్టర్లు పీకకండి. ఎండిపోయి ఉంటాయి, లేపితే సిరా కూడా ఊడొస్తుంది. కిటికీ వెలుగులో పక్క నుంచి ఫొటో తీయండి, వెలిసిపోయిన పెన్ను గీతలు కూడా కనిపిస్తాయి. షీట్‌లో చివరి గడికి "నాన్న రాసిన పేరు" అని పెట్టి, ఆయన ఎట్టా రాశారో అట్టాగే తెలుగులో ఎక్కించండి. తాబేళ్ల ఆట అని ఉంటే తాబేళ్ల ఆటే, బాతుల తుపాకి అని ఉంటే బాతుల తుపాకే. ఒత్తు తప్పినా దీర్ఘం తప్పినా దిద్దకండి. మీ వీధి పిల్లలు ఆ రోజుల్లో గది ముందు నిలబడి అడిగిన పేర్లు అవే అయ్యుంటాయి. వాళ్లిప్పుడు నలభైకి అటూఇటూ ఉంటారు. షీట్ పూర్తయ్యాక ఒక ఆదివారం నలుగురిని పిలిచి ఆ గడి చూపించండి. ఏ పేరు ఏ ఆటో వాళ్లు చెప్పింది, చెప్పినవారి పేరుతో సహా పక్క గడిలో రాసుకోండి.